వెయిట్‌లిస్ట్‌లో పడ్డ అమ్మాయికి అమ్మానాన్నలు ఏం చేయాలి?

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటాం. మా అమ్మాయి హైస్కూల్ ఆఖరి ఏడాది చదువుతోంది. తను ఎంతో ఆశ పెట్టుకున్న కాలేజీ నుంచి వెయిట్‌లిస్ట్‌లో పెట్టామని జవాబు వచ్చింది. ఇంకో మూడు కాలేజీల్లో సీటు వచ్చినా వాటి మాట ఎత్తనివ్వడం లేదు. తలుపేసుకుని గదిలోనే ఉంటోంది. మావారు అడ్మిషన్స్ ఆఫీసుకు తనే ఫోన్ చేసి మాట్లాడతానంటున్నారు. చేయమంటారా?

జవాబు: అమ్మా, వద్దు. మీవారిది ప్రేమే, కాదనను. కానీ ఆ ఆఫీసువాళ్లు వినాలనుకునేది మీ అమ్మాయి గొంతు. తండ్రి ఫోన్ చేసి అడిగితే సీటు దగ్గరకు రాదు. పైగా తన పని తను చేసుకోలేదని నాన్న అనుకుంటున్నాడన్న మాట మీ అమ్మాయి మనసులో నాటుకుంటుంది. ఇప్పుడు అసలు వద్దనిపించేది అదే.

వెయిట్‌లిస్ట్ అంటే ఏమిటో ముందు మీ ఇద్దరికీ స్పష్టంగా తెలియాలి. సీటిచ్చిన ప్రతి ఒక్కరూ వచ్చి చేరరని కాలేజీకి తెలుసు. అందుకే ఉన్న సీట్ల కన్నా ఎక్కువ మందికి ఆఫర్ ఇస్తుంది. చాలా కాలేజీలకు పిల్లలు జవాబు చెప్పాల్సిన గడువు మే 1. ఆ రోజు దాటాక లెక్క తక్కువ పడితే వెయిట్‌లిస్ట్ వైపు చూస్తారు. ఇది రైలు టికెట్ వెయిటింగ్ లిస్టులాంటిది కాదు. చాలా చోట్ల వరస నంబరంటూ ఉండదు. ఆ ఏడాది ఏ కోర్సులో ఖాళీ మిగిలితే దానికి సరిపోయేవాళ్లను పిలుస్తారు. అంటే మీ పాపలో ఏదో తక్కువైందని ఎవరూ తీర్పు చెప్పలేదు. ఈ మాట తనకు చెప్పండి, కానీ ఒక్కసారి చాలు. పదిసార్లు చెబితే ఓదార్పులా కాకుండా ఒత్తిడిలా వినిపిస్తుంది.

అవకాశం ఎంతో ఊహించుకుంటూ కూర్చోవద్దు. చాలా కాలేజీలు ఏటా ‘కామన్ డేటా సెట్’ అనే పత్రం బయటపెడతాయి. అందులో సీ2 అనే భాగంలో ఎంతమందికి వెయిట్‌లిస్ట్ ఇచ్చారో, ఎంతమంది ఉంటామన్నారో, చివరికి ఎంతమందిని తీసుకున్నారో ఉంటుంది. గత మూడు నాలుగేళ్లవి తీసి చూడండి. ఒక ఏడాది వందమందిని తీసుకున్న కాలేజీ మరుసటి ఏడాది ఒక్కరినీ తీసుకోకపోవచ్చు. ఆ అంకెలు చూశాక ఆశ ఎంతవరకు పెట్టుకోవచ్చో మీకే తెలుస్తుంది.

ఇక మీ అమ్మాయి చేయాల్సినవి. వెయిట్‌లిస్ట్‌లో ఉంటానని కాలేజీ వెబ్‌సైట్‌లోని తన పేజీలో (పోర్టల్‌లో) తనే ఒప్పుకోవాలి, చాలా చోట్ల అది దానంతటదే జరగదు. తర్వాత, కాలేజీ వద్దనకపోతే ఒక చిన్న ఉత్తరం. ఒక పేజీ దాటకూడదు. అప్లికేషన్ పంపాక కొత్తగా ఏం చేసిందో, ఆ కాలేజీలోనే ఏం చదవాలనుకుంటోందో, ఎందుకో రాయాలి. సీటిస్తే తప్పకుండా చేరతానని నిజంగా అనుకుంటేనే ఆ మాట రాయాలి. బాధ, ఫిర్యాదు, బతిమాలడం వద్దు. ఉత్తరం మీరు రాసిపెట్టకండి. తను చూపిస్తే చదవండి, అచ్చుతప్పులుంటే చెప్పండి, అంతే. స్కూల్ కౌన్సెలర్‌తో మాట్లాడి కొత్త మార్కులు పంపించమనడం కూడా తన పనే. అన్నట్టు, ఆఖరి సెమిస్టర్ మార్కులు పడిపోకూడదు. సీటిచ్చిన కాలేజీలు కూడా ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్, అంటే ఆఖరి మార్కుల పత్రం, అడుగుతాయి.

మీ పని వేరే ఉంది. మే 1లోపు, వచ్చిన మూడు సీట్లలో ఒకదానికి సీటు ఖాయం చేసుకునే డిపాజిట్ కట్టాలి. తర్వాత వెయిట్‌లిస్ట్ నుంచి పిలుపొస్తే ఆ డబ్బు సాధారణంగా వెనక్కి రాదు, అందుకు ముందే సిద్ధపడండి. రెండు కాలేజీలకు డిపాజిట్ కట్టి రెండు పడవల మీద కాళ్లు పెట్టడం మాత్రం తప్పు. ఇంకో సంగతి డబ్బుది. వెయిట్‌లిస్ట్ నుంచి తీసుకునేసరికి కొన్ని చోట్ల ఫైనాన్షియల్ ఎయిడ్ (చదువు ఖర్చుకు ఇచ్చే ఆర్థిక సాయం) చాలావరకు అయిపోయి ఉంటుంది. పిలుపు వచ్చాక ఆలోచించడానికి రెండు మూడు రోజులే ఇవ్వచ్చు. అందుకే ఎయిడ్ లేకపోయినా పంపగలమా అన్నది మీరిద్దరూ ఇప్పుడే లెక్క చూసుకుని, అమ్మాయికి నిజం చెప్పండి. జూన్‌లో సీటు వచ్చాక వద్దనడం కన్నా ఏప్రిల్‌లో చెప్పడమే దయ.

ఇంట్లో సంగతికొద్దాం. నాకు ఎక్కువ దిగులు దీని గురించే. “ఏమైనా మెయిల్ వచ్చిందా?” అని రోజూ అడగడం ఈరోజే ఆపేయండి. వస్తే మీకు చెప్పకుండా ఉంటుందా? కావాలంటే వారంలో ఒక పూట పెట్టుకోండి, కాలేజీ మాటలన్నీ అప్పుడే. మిగతా రోజులు తను మీ కూతురు మాత్రమే. బంధువులు అడిగితే ఏం చెప్పాలో తననే అడిగి, అదే చెప్పండి. “పోనీలే, ఆ కాలేజీ అంత గొప్పదేం కాదు” అనకండి. తను రెండేళ్లుగా ఇష్టపడ్డదాన్ని మీరు ఒక్క మాటతో తీసిపారేసినట్టు ఉంటుంది. “బాధగానే ఉంటుంది, నాకూ బాధగా ఉంది” అంటే చాలు.

కొన్ని రోజుల దిగులు సహజం. కానీ వారాలు గడిచినా తిండి, నిద్ర సరిగా లేకపోయినా, స్నేహితులను పూర్తిగా వదిలేసినా డాక్టరుకు చూపించండి. బతకడం వృథా అన్న అర్థం వచ్చే మాట ఒక్కటి వినిపించినా ఆగకుండా 988కి, అంటే ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లకు సాయం చేసే అమెరికా హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయండి. మీరైనా చేయొచ్చు, తనైనా చేయొచ్చు.

తనకు సీటిచ్చిన మూడు కాలేజీల్లో ఒకదానికి ఈ నెలలోనే వెళ్లి రండి. అడ్మిషన్ వచ్చిన పిల్లల కోసం పెట్టే రోజయితే ఇంకా మంచిది. దారిలో ఏమీ బోధించకండి. క్లాసులో కూర్చోనివ్వండి, మీరు లేకుండా అక్కడి పిల్లలతో తిరగనివ్వండి, మీరు దూరంగా ఒక బెంచీ చూసుకోండి. తిరుగు ప్రయాణంలో తనంతట తను మాట్లాడేదాకా ఆగండి.