జవాబుల పేజీ: దివాణంలో రెండోవాడి పరిశోధనలు

ప్రశ్న: మా మేనమామగారు పంపిన పాత డీవీడీలలో ఒక ఇంగ్లిషు సీరియల్ ఉన్నది. గుండ్రని కళ్లజోడు పెట్టుకుని, ఏమీ తెలియనివాడిలా నవ్వే ఒక దొరబిడ్డ హత్యల గుట్టు విప్పుతూ ఉంటాడు. ఒక కథలో లోగడ పాతిపెట్టిన మనిషే మళ్లీ శవమై కనిపిస్తాడు. అట్టపెట్టె పోయినందున వివరాలు తెలియడం లేదు. ఇది ఏ సీరియల్? ఏ వరుసలో చూడాలి?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మీ చేతికి వచ్చినది బీబీసీ వారు 1989, 1990 సంవత్సరాలలో ప్రసారం చేసిన ‘కాంపియన్’. మార్జరీ ఆలింగం అనే రచయిత్రి (1904–1966) నవలలే దీనికి ఆధారం. మొత్తం 8 కథలు. ఒక్కొక్కటి సుమారు గంట నిడివిగల రెండు భాగాలు కనుక, లెక్కకు 16 భాగాలు. ఆల్బర్ట్ కాంపియన్ వేషం కట్టినవారు పీటర్ డేవిసన్. అంతకు ముందు ‘డాక్టర్ హూ’ అనే టీవీ సీరియల్‌లో అయిదవ డాక్టరుగా ఈయన ఇంగ్లండులో ఇంటింటికీ తెలిసినవారే.

మీరు చెప్పిన కథ పేరు ‘ద కేస్ ఆఫ్ ద లేట్ పిగ్’. చిన్నప్పుడు బడిలో తనను ఏడిపించుకు తిన్న పీటర్స్ అనేవాడి అంత్యక్రియలకు కాంపియన్ చలికాలంలో వెళ్లి వస్తాడు. కొన్ని నెలలు గడిచాక ఒక పల్లెటూరి హత్య విషయమై కబురు వస్తుంది. తీరా వెళ్లి చూస్తే, ఆ శవం అదే పీటర్స్‌ది. చనిపోయి ఎంతోసేపు కూడా కాలేదు. తరువాతి సంగతి నేను చెబితే మీ మేనమామగారు నన్ను క్షమించరు.

వరుస విషయానికి వస్తే, ఏ కథకు ఆ కథే. నా మాట వింటే ‘లుక్ టు ద లేడీ’తో మొదలుపెట్టండి, ప్రసారంలోనూ అదే మొదటిది. తండ్రితో పడక ఇల్లు వదిలి, లండను వీధుల్లో పూటకు ఠికాణా లేకుండా తిరుగుతున్న ఒక యువకుడికి ఎవరో పారవేసిన కవరు కంటపడుతుంది. వంగి చూస్తే దాని మీద ఉన్నది తన పేరే. వందల ఏళ్లుగా తమ వంశం కాపాడుతూ వస్తున్న పూజాపాత్ర మీద దొంగల కన్ను పడిందన్న సంగతి ఆ కవరు వెంట వెళ్తేనే అతనికి తెలుస్తుంది. ఒక చిత్తుకాగితంతో కథను ఇంత ఒడుపుగా ఎత్తుకోవడం డిటెక్టివ్ నవలలు వందలకొద్దీ చదివిన నాకు కూడా అరుదుగానే తటస్థపడింది.

ప్రశ్న: అంత గొప్ప ఇంటివాడు పేరు మార్చుకుని, దొంగల వెంట పడి తిరగవలసిన అవసరం ఏమిటి? ఇంట్లో కూర్చుని తినవచ్చు కదా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: కూర్చుని తినడానికి అన్నగారు ఒప్పుకోవాలి కదమ్మా. ఇంగ్లండులో బిరుదు, దానితోపాటు ఆనవాయితీగా భూములు, కోట పెద్ద కొడుకుకే దక్కుతాయి. రెండోవాడికి మిగిలేది చదువు, మర్యాద, పెద్దల పరిచయాలు, బోలెడంత తీరిక. పరిశోధకుడికి కావలసిన సరంజామా సరిగ్గా ఇదే. డ్యూకుగారి విందులో బంతిన కూర్చోగలడు, పోలీసువాడు గుమ్మం దగ్గర ఆగిపోయిన ఇంట్లోకి నేరుగా నడవగలడు, అయినా ఎస్టేటు పరువు కాపాడే బరువు అతని నెత్తిన లేదు. ఈ సీరియల్‌లోని సరదా అంతా ఆ బరువు లేకపోవడం నుంచే పుట్టిందని నా అభిప్రాయం. ‘కాంపియన్’ అన్నది పెట్టుకున్న పేరు. అసలు పేరు రుడాల్ఫ్ అని, ఇంటిపేరు ‘కె’ అక్షరంతో మొదలవుతుందని మాత్రమే రచయిత్రి తెలియనిచ్చారు.

మన గోదావరి సీమవారికి ఇది బొత్తిగా కొత్త సంగతి కాదు. పంచుకోవడానికి వీలులేని జమీందారీలు మనకూ ఉండేవి. 1904 నాటి మద్రాసు చట్టం వాటికి రక్షణగా నిలిచింది. దివాణం పెద్దవాడిది, మనోవర్తి చిన్నవాడిది. ఆ మనోవర్తి ఎవరెవరికి చెల్లుతుందన్న తగవులో పిఠాపురం జమీ వ్యాజ్యం ఆనాటి అత్యున్నత న్యాయస్థానమైన లండనులోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లి, 1918లో తీర్పు వెలువడింది. మన చిన్న దొరలు కోర్టుల చుట్టూ తిరిగితే, నవలల్లోని వారి చిన్న దొరలు శవాల చుట్టూ తిరిగారు.

ప్రశ్న: కాంపియన్ దగ్గర ఉండే లగ్, కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్‌కు రాజు వంటివాడేనా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: కాడు. రాజు వినయం గల అసిస్టెంటు; యుగంధర్ చెప్పింది చేసుకు వస్తాడు. లగ్ మాజీ కన్నపు దొంగ. కొలువు నౌకరీయే అయినా, యజమాని ముఖం మీదే సణుగుతాడు, అతని స్నేహితులకు వంకలు పెడతాడు, అవసరమైనప్పుడు తన పాత విద్యను కూడా బయటికి తీస్తాడు. ఈ పాత్ర ధరించిన బ్రయన్ గ్లోవర్ ఒకప్పుడు బడిపంతులు, అదే కాలంలో వృత్తి మల్లయోధుడు కూడా. ఆ మెడ, ఆ భుజాలు మేకప్‌వాడు పెట్టినవి కావు. డేవిసన్ పక్కన ఆయన ట్రే పట్టుకుని నిలబడితే, ఎవరు ఎవరికి నౌకరో ఒక్క క్షణం సందేహం కలుగుతుంది.

ప్రశ్న: మాది రైసు మిల్లు నడిపే కుటుంబం. ఇందులో ఒక అమ్మాయి మిల్లు నడుపుతుందని మా చెల్లెలు చెప్పింది. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మండపేట

జవాబు: నిజమే. ఆ కథ ‘స్వీట్ డేంజర్’, అమ్మాయి పేరు అమాండా ఫిట్టన్. నటి లైసెట్ ఆంథొనీ. కాకపోతే అది మీ మిల్లు వంటిది కాదు, ఏటి నీటితో తిరిగే చక్రం గల పాత పిండిమిల్లు. ఆ పిల్ల ఆ చక్రానికే డైనమో తగిలించి కరెంటు తీస్తుంది. మన కాలువల లాకుల దగ్గర నీరు పై మట్టం నుంచి కింది మట్టానికి దూకే జోరు చూసినవారికి అందులోని కిటుకు వివరించనక్కరలేదు. బాల్కన్ ప్రాంతంలోని ఒక చిట్టి రాజ్యానికి ఈ కుటుంబమే వారసులా అన్నది కథలోని చిక్కు. ఆ రాజ్యపు నేలలో చమురు ఉన్నందువల్ల దానికి ఉన్నట్టుండి గిరాకీ పుడుతుంది. కాగితాలు వెతికేది కాంపియన్ అయినా, పనిముట్లు చేత పట్టేది అమాండాయే. నవలల్లో ఆ తరువాత కాంపియన్ పెళ్లాడేది కూడా ఈమెనే.

ప్రశ్న: లార్డ్ పీటర్ విమ్సీ సీరియల్ కూడా ఇదే కాలానిదా?
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: రెండేళ్లు ముందుది. డొరతీ సేయర్స్ నవలలు మూడింటిని బీబీసీ వారు 1987లో 10 భాగాలుగా తీశారు. ఎడ్వర్డ్ పెథర్‌బ్రిడ్జ్ విమ్సీగా, హారియెట్ వాల్టర్ హారియెట్ వేన్‌గా నటించారు. పరిశోధకుడైన ఈ విమ్సీ కూడా ఇంటికి రెండోవాడే, డ్యూకుగారి తమ్ముడు. అయితే అందులో నవ్వు కన్నా ప్రేమ బాధ ఎక్కువ. విమ్సీ పెళ్లి మాట ఎత్తితే హారియెట్ ఎన్నిసార్లు కాదన్నదో లెక్కపెట్టుకుంటూ కూర్చోవలసి వస్తుంది. భోజనాల తరువాత ఇంటిల్లిపాదీ చూడడానికైతే ‘కాంపియన్’ మేలు.

ప్రశ్న: ‘కాంపియన్’ మొదట్లో వచ్చే పాట ఎవరు పాడారు?
– అదే పాఠకుడు

జవాబు: మొదటి సంవత్సరపు భాగాలలో వినిపించే గొంతు పీటర్ డేవిసన్‌దే.