స్కాన్‌కి వెళ్ళే ఇద్దరికీ

అమ్మలూ, అల్లుడుగారూ,

స్కాన్ అంటే బిడ్డను చూసుకునే వేడుక అనుకుంటాం. అక్కడ జరిగేది మాత్రం పరీక్ష. రెండూ ఒకే గదిలో, ఒకేసారి జరుగుతాయి కాబట్టే మనసు అంతలా ఊగిపోతుంది. ఇది ముందే తెలిసి వెళ్తే సగం భారం దిగుతుంది.

అమ్మలూ, మరీ ఆత్రపడి అయిదో వారంలో వెళ్ళకు. అప్పటికి పిండం పెరిగే సంచి ఒక్కటే కనిపిస్తుంది, గుండె కొట్టుకోవడం కనపడదు. ఇంటికొచ్చి ఏడుస్తూ కూర్చుంటావు. ఏడెనిమిది వారాలకి వెళ్ళు. నెలసరి వెనకా ముందూ అయ్యేవాళ్ళకి వారాల లెక్క ఎలాగూ తప్పుతుంది. పిండం 7 మిల్లీమీటర్లు పెరిగేదాకా గుండె కనపడకపోయినా డాక్టర్లు ఏదీ తేల్చి చెప్పరు, "వారం, రెండు వారాలాగి రండి" అంటారు. ఆ రోజులు చాలా కష్టం. సెలవు పెట్టి ఇంట్లో ఒంటరిగా గడపొద్దు, ఫోన్లో వెతకొద్దు. రక్తస్రావం గానీ, తట్టుకోలేని కడుపునొప్పి గానీ వస్తే మాత్రం ఆ గడువు కోసం ఆగకుండా వెంటనే వెళ్ళిపోవాలి.

మొదటి నెలల్లో పొట్ట మీంచి చూడాలంటే మూత్రాశయం నిండుగా ఉండాలి. అలాగని మన విశాఖలో గాజువాకలోనే లీటరు నీళ్ళు తాగి మహారాణిపేటకి బయల్దేరితే, దారిలో ఎన్‌ఏడీ జంక్షన్ దాటేసరికి ప్రాణం మీదికొస్తుంది. సెంటర్లో టోకెన్ తీసుకున్నాక తాగు. ఒంటికి ఇబ్బందిగా ఉంటే భయం రెట్టింపవుతుంది. ఖాళీ కడుపుతోనూ వెళ్ళకు.

ఎక్కువమంది హడలిపోయేది డాక్టరుగారి మౌనానికి. డాక్టరు ముఖం చూస్తారు, నవ్వలేదంటే గుండె జారిపోతుంది. టిఫా అంటే అయిదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్. అందులో తల, వెన్నెముక, గుండె గదులు, కిడ్నీలు, తొడ ఎముక అన్నీ ఒక్కొక్కటిగా కొలవాలి. అరగంట పైనే పట్టొచ్చు. మాట్లాడితే లెక్క తప్పుతుందని మాట్లాడరు. ఒకేచోట పదేపదే చూస్తున్నారంటే చాలాసార్లు బిడ్డ బోర్లా తిరిగి ఉందనే అర్థం. కాసేపు నడిచి రమ్మంటారు. పడుకోగానే, "చివర్లో ఒక్కసారి గుండె చూపించి చెప్పండి డాక్టరుగారూ" అని అడిగి ఉంచు.

అల్లుడుగారూ, మీకొక మాట. అమ్మాయికి వేవిళ్ళు, నీరసం, అన్నీ ఒంట్లోనే తెలుస్తున్నాయి. మీకు అలాంటి ఆధారమేదీ లేదు. అందుకే తెర మీద ఆ చిన్న కదలిక చూడగానే కొందరు మగవాళ్ళకి కళ్ళు చెమర్చుతాయి. కొందరికి ఏమీ అనిపించదు. అదీ మామూలే, ప్రేమ లేక కాదు. ఆ సమయంలో ఆమె చెయ్యి పట్టుకుని ఉంటే చాలు. భర్తను లోపలికి రానిస్తారో లేదో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి, తలుపు దగ్గర ఆపేస్తే ఇద్దరూ చిన్నబుచ్చుకుంటారు. ఇంతకుముందు గర్భం పోయినవాళ్ళయితే "అంతా బాగుంది" అన్నా సంతోషపడలేరు. వాళ్ళని "నవ్వవేంటి" అని అడగొద్దు.

రిపోర్టు ఆటోలో చదవకండి. మాయ (ప్లాసెంటా) కిందికి ఉందని ఇరవయ్యో వారంలో రాస్తే, చాలామందికి నెలలు పెరిగేకొద్దీ అదే పైకి వెళ్తుంది, 32 వారాలకి మళ్ళీ చూస్తారు. గుండెలో తెల్లని చుక్క ఒక్కటే ఉండి మిగతావన్నీ బాగుంటే, ఎక్కువగా దానివల్ల ఏ హానీ ఉండదు. బిడ్డ బరువు అంచనాలో పది పదిహేను శాతం తేడా రావచ్చు. మీ గైనకాలజిస్టు చూసి చెప్పేదే లెక్క.

ఆడా మగా అని అడగొద్దు, ఎవరిచేతా అడిగించొద్దు. పుట్టకముందే ఆడా మగా చెప్పడాన్ని నిషేధించిన 1994 నాటి చట్టం ప్రకారం చెప్పినా నేరమే, అడిగినా నేరమే. అక్కడ ఆ చట్టం ప్రకారం ఫారం ఎఫ్ అనే స్కాన్ వివరాల పత్రం నింపి సంతకం పెట్టించుకుంటారు, డాక్టరు చీటీ, ఆధార్ తీసుకెళ్ళండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఆరా తీస్తే జవాబు మీరే చెప్పండి అల్లుడుగారూ, అమ్మాయి మీదికి రానివ్వకండి.

టిఫా 18 నుంచి 20 వారాల మధ్యే చేయించండి. ఏదైనా తేడా తేలితే మళ్ళీ పరీక్షలకీ, ఆలోచించుకోవడానికీ వ్యవధి కావాలి. 24 వారాలు దాటాక గర్భం తీయించుకోవాలన్న నిర్ణయం డాక్టర్ల బృందమైన మెడికల్ బోర్డు ముందుకు వెళ్తుంది. అలాంటి కబురు విన్నరోజు చెవికి ఏదీ ఎక్కదు, కాబట్టి ముగ్గురు డాక్టర్లని అడగాల్సిన ప్రశ్నలు కాగితం మీద రాసుకుని రెండోరోజు ఇద్దరూ కలిసి వెళ్ళండి: ఇది ఖాయమా, అనుమానమా? తేలాలంటే ఏ పరీక్ష, ఎప్పటిలోగా? పుట్టాక వైద్యం ఉందా, ఉంటే ఎక్కడ? గైనకాలజిస్టుని, కడుపులోని బిడ్డకి వైద్యం చూసే ఫీటల్ మెడిసిన్ డాక్టరుని, పిల్లల డాక్టరుని అడిగి, జవాబులు అక్కడే రాసుకోండి. చుట్టాలకి చెప్పడం ఆ తర్వాతే.

మీ పెద్దమ్మ