పళ్లూడే వయసంటూ ఒకటుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంట్లో పెద్దవాళ్ల పళ్ల గురించే. దాదాపు అన్నిటి చివరా ఒకటే మాట: "వయసైపోయింది కదా, ఇంతేనేమో." అరవై దాటినంత మాత్రాన పన్ను ఊడదు. ఊడగొట్టేది ఆ వయసులో వచ్చి చేరేవి: నోరు ఎండబెట్టే మాత్రలు, బ్రష్ పట్టు చిక్కని వేళ్లు, ఏళ్ల తరబడి మార్చని కట్టుడు పళ్ల సెట్టు, పొగాకు. వీటిలో చాలావాటికి ఉపాయం ఉంది.

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్లు. పదేళ్ల కిందట పైనా కిందా పూర్తి సెట్టు కట్టించాం. ఇప్పుడు మాట్లాడుతుంటే కింది సెట్టు లేచి వస్తోంది. అంగిలి ఎర్రబడింది, కారం తగిలితే మంట అంటోంది. రాత్రిళ్లు కూడా సెట్టు తీయదు. పొద్దున్నే పేస్టు వేసి రుద్ది, వేడినీళ్లతో కడుగుతుంది. కొత్తది కట్టించాలా?
ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు అంగిలి సంగతి చూడాలి. పై సెట్టు కింద, సరిగ్గా దాని ఆకారంలోనే ఎర్రబడిందంటే చాలావరకు అది కాండిడా అనే బూజు జాతి సూక్ష్మజీవి పని. రాత్రంతా సెట్టు కింద గాలి ఆడదు, ఉమ్మి కడగదు. అది పెరగడానికి అంతకంటే ఏం కావాలి? డాక్టరు రాసిచ్చే బూజు మందును అంగిలికి పూస్తే చాలదు, సెట్టు లోపలి వైపు కూడా పూయాలి. ఆ జీవి సెట్టులోని సన్నని రంధ్రాల్లో దాక్కుంటుంది. నోటికి మాత్రమే మందు వేసి సెట్టును వదిలేసినవాళ్లకు కొద్ది వారాల్లోనే మంట మళ్లీ మొదలవుతుంది. షుగర్ పరీక్ష కూడా ఓసారి చేయించండి.

కడిగే పద్ధతి మార్చాలి. సెట్టు చేసేది యాక్రిలిక్‌తో, మరీ వేడి నీళ్లు తగిలితే వంపు తిరుగుతుంది. పేస్టులోని గరుకు పదార్థం దాని మీద కంటికి కనపడని గీతలు పెడుతుంది, ఆ గీతల్లోనే పాచి పడుతుంది. వాష్ బేసిన్‌లో సగం దాకా నీళ్లు పట్టండి, లేదా అడుగున తువ్వాలు పరవండి. చేయి జారినా సెట్టు విరగదు. మెత్తని బ్రష్, చల్లని నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ లేదా మామూలు సబ్బు చాలు. లోపలి వైపు, అంటే చిగురుకు ఆనే వైపు, ఎక్కువసేపు రుద్దాలి. చాలామంది బయటికి కనపడే పళ్లే తళతళలాడేలా తోముతారు. బాగా కడిగి, మూత ఉన్న డబ్బాలో మంచినీళ్లు పోసి రాత్రంతా అందులో ఉంచండి. పొడిగా వదిలేసినా ఆకారం మారుతుంది. కాగితంలో చుట్టి మంచం పక్కన పెడితే పొద్దున ఊడ్చేటప్పుడు చెత్తలో కలిసిపోతుంది. ఇది చాలా ఇళ్లలో జరిగే ముచ్చటే. పళ్లు లేని చిగుళ్లనూ, నాలుకనూ, అంగిలినీ కూడా తడి గుడ్డతోనో మెత్తని బ్రష్‌తోనో రోజూ తుడవాలి.

ఇక కింది సెట్టు లేవడం. పళ్లు పోయాక దవడ ఎముక ఏటా కొంత అరుగుతుంది. పై దవడ కంటే కింది దవడ దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ అరుగుతుంది. పై సెట్టుకు అంగిలంతా ఆధారం, కింది దానికి గుర్రపు లాడం ఆకారంలో సన్నని గట్టు ఒక్కటే, పైగా నాలుక నెడుతూ ఉంటుంది. సెట్టు మరీ పాతది కాకపోతే లోపల కొత్త పొర పోసి మళ్లీ బిగుతు తెప్పించవచ్చు, దీన్ని రీలైనింగ్ అంటారు. పదేళ్ల సెట్టుకు పళ్లు కూడా అరిగి ఉంటాయి, దవడలు మూసినప్పటి ఎత్తు తగ్గి ఉంటుంది. కాబట్టి మీ అమ్మగారికి కొత్తదే మేలు. కింది దవడ ముందు భాగంలో రెండు ఇంప్లాంట్లు (ఎముకలో బిగించే చిన్న మరలు) వేసి, సెట్టును వాటికి చొక్కా టిచ్ బటన్‌లా బిగించే పద్ధతి ఉంది. ఖర్చు భరించగలిగితే, ఎముక చాలినంత ఉంటే, కింది సెట్టుకు దానంత సుఖం మరొకటి లేదు.

అంతవరకు అతికించే క్రీము వాడాలంటే శనగగింజంత చుక్కలు మూడు చాలు. జింకు లేనిది ఎంచుకోండి. జింకు ఉన్నదాన్ని రోజూ ఎక్కువెక్కువ వాడితే ఒంట్లో రాగి తగ్గి నరాలు దెబ్బతిన్న సందర్భాలున్నాయి. సెట్టు ఒరుసుకునే చోట ఇంట్లో ఆకురాయితో రుద్దకండి. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రోజు మాత్రం సెట్టు పెట్టుకునే ఉండాలి. ఒరుసుకున్న గుర్తు చిగురు మీద కనపడితేనే ఎక్కడ అరగదీయాలో తెలుస్తుంది.

ప్రశ్న: పై పళ్లు పీకిస్తే కంటిచూపు తగ్గుతుందని మా నాన్న భయం. నిజమేనా?
ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: కాదు. పంటి నరానికీ చూపు నరానికీ సంబంధం లేదు. పళ్లు పీకించుకునే వయసూ, శుక్లాలు వచ్చే వయసూ ఒకటే కావడంతో పుట్టిన మాట ఇది. చీము పట్టిన పై పన్నును పీకించకుండా ఉంచుకుంటే మాత్రం ఆ వాపు కంటి దాకా పాకే ప్రమాదం ఉంది.

ప్రశ్న: వయసు 66. రెండేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నాను. షుగర్ కూడా ఉంది. దవడ పన్ను పీకాలన్నారు. వారం ముందు మాత్రలు ఆపితే రక్తం ఆగుతుందని తెలిసినవాళ్లు చెబుతున్నారు.
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: తెలిసినవాళ్ల మాట విని ఆపకండి. పన్ను పీకిన గుంటలో కారే రక్తాన్ని గాజుగుడ్డతో అదిమి, అవసరమైతే కుట్టు వేసి ఆపవచ్చు. స్టెంట్‌లో గడ్డ కడితే అలా అదిమి ఆపలేం. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతూనే ఒకటి రెండు పళ్లు తీయడం దంత వైద్యులకు రోజువారీ పనే. గుండె డాక్టరుకు ఒకమాట చెప్పి, మందుల చీటీ దంత వైద్యునికి చూపించండి.

రక్తం గడ్డ కట్టకుండా వార్ఫరిన్, ఎసిట్రోమ్ వంటివి వాడేవాళ్లు పీకించడానికి ముందు 24 గంటల లోపు ఐ.ఎన్.ఆర్. పరీక్ష (రక్తం గడ్డ కట్టే తీరు చూసేది) చేయించుకోవాలి. 4 కంటే తక్కువ ఉంటే మామూలు పన్ను తీయవచ్చు. అదే పని చేసే అపిక్సబాన్, రివరోక్సబాన్, డాబిగాట్రాన్ వాడేవాళ్లకు ఎక్కువ పళ్లు తీయాల్సి వస్తే ఆ పొద్దుటి మోతాదు మానడమో ఆలస్యం చేయడమో ఉంటుంది. అది డాక్టర్లిద్దరూ కలిసి తేల్చాలి.

పొద్దున్నే, వారం మొదట్లో పీకించుకోండి. రాత్రికి రక్తం మళ్లీ కారినా మర్నాడు క్లినిక్ తెరిచే ఉంటుంది. టిఫిన్ తిని, షుగర్ మందు వేసుకుని వెళ్లాలి. మందు వేసుకుని తిండి మానేసి కుర్చీలో కూర్చుంటే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. చాలామంది అది పన్ను మత్తుమందు దోషం అనుకుంటారు.

పీకాక గాజుగుడ్డను అరగంట గట్టిగా కొరికి పట్టాలి. ఐదు నిమిషాలకోసారి తీసి చూస్తే కట్టే గడ్డ ఊడిపోతుంది. 24 గంటలు పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు, స్ట్రాతో తాగకూడదు, వేడివి వద్దు. ఉమ్మి గులాబీ రంగులో ఉంటే కంగారు పడొద్దు. నోరు రక్తంతో నిండుతుంటే శుభ్రమైన తడి గాజుగుడ్డ మడిచి మరో అరగంట కొరకండి. అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పికి పారాసెటమాల్ వాడండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ రక్తస్రావాన్ని పెంచుతాయి. స్టెంట్ ఉన్నవాళ్లకు ముందుగా యాంటీబయాటిక్ అక్కర్లేదు. గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవాళ్లకు మాత్రం గంట ముందు వేయాలి, ఆ సంగతి తప్పక చెప్పాలి.

ప్రశ్న: మా అత్తగారికి 69. జీవితంలో పిప్పి పన్ను ఎరగదు. ఈ రెండేళ్లలో నాలుగు పళ్లు చిగురు దగ్గర గోధుమరంగుకు తిరిగి, పుల్ల విరిగినట్టు విరిగాయి. నోరు ఎప్పుడూ ఎండిపోతుందని పిప్పరమెంట్లు చప్పరిస్తుంది. మూత్రానికి, నిద్రకు మాత్రలు వాడుతుంది.
ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: కారణం మీ ఉత్తరంలోనే ఉంది. మూత్రం ఆపుకోలేని ఇబ్బందికి ఇచ్చే సోలిఫెనాసిన్, ఆక్సీబ్యూటినిన్, నిద్రకూ నరాల నొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, జలుబుకు వేసుకునే మత్తొచ్చే మాత్రలు నోరు ఎండబెడతాయి. చిగురు కిందికి జారాక బయటపడే పంటి వేరుకు పింగాణి పొర ఉండదు. పింగాణి కరగడానికి నోటి పి.హెచ్. 5.5 దాకా పడాలి (పి.హెచ్. ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ). వేరుకు 6 పైచిలుకు ఉండగానే కరుగుడు మొదలవుతుంది. ఆ పులుపును కడిగేసే ఉమ్మి లేదు, పైగా పిప్పరమెంటు రోజంతా చక్కెర అందిస్తోంది.

పిప్పరమెంట్లు ఈరోజే మానిపించండి. చప్పరించక తప్పదంటే చక్కెర లేనివి, దాని బదులు జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్నవి ఇవ్వండి. పక్కన నీళ్ల సీసా ఉంచి గుటక గుటకగా తాగమనండి. చక్కెర టీ ఆరుసార్లు కొంచెం కొంచెంగా తాగడం కంటే రెండుసార్లు కప్పు నిండా తాగడం పళ్లకు నయం. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ నోటిని ఇంకా ఎండబెడుతుంది. మాత్రలు మీరు ఆపకండి. నోరు ఎండుతోందని రాసిచ్చిన డాక్టరుకు చెప్పి, మార్చగలరేమో అడగండి.

రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ పేస్టు శనగగింజంత వేసి రెండు నిమిషాలు తోమి, ఉమ్మేసి ఊరుకోవాలి. మూడు దోసిళ్ల నీళ్లతో పుక్కిలిస్తే ఉపయోగపడే ఫ్లోరైడంతా బేసిన్‌లోకి పోతుంది. దీనికి అలవాటు పడటానికి మనవాళ్లకు వారం పడుతుంది. దంత వైద్యుల దగ్గర మూడు నెలలకోసారి ఫ్లోరైడ్ వార్నిష్ పూయించండి. మెత్తబడ్డ వేర్లకు 38 శాతం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ పూస్తే పుచ్చు చాలావరకు ఆగుతుంది, నొప్పి లేదు, డ్రిల్లు లేదు. పూసిన చోట నల్లగా అవుతుంది, అది పోదు. ముందు పళ్లకైతే అడిగి ఒప్పుకున్నాకే పూయించుకోవాలి.

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. చిన్నప్పటి నుంచి పళ్ల మీద గోధుమ మచ్చలు. ఫ్లోరైడ్ వల్లనే ఇలా అయితే ఇంకా ఫ్లోరైడ్ పేస్టు ఎందుకు?
ఒక పాఠకుడు

జవాబు: న్యాయమైన అనుమానమే. ఆ మచ్చలు పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడు, సుమారు ఎనిమిదేళ్ల లోపు పడ్డవి. ఇప్పుడు పేస్టు వల్ల కొత్త మచ్చ రాదు. లెక్క వేసి చూడండి: శనగగింజంత పేస్టులో ఉండే ఫ్లోరైడ్ సుమారు పావు మిల్లీగ్రాము, అందులోనూ ఎక్కువ భాగం ఉమ్మేస్తారు. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు రోజుకు మూడు లీటర్లు తాగితే 9 మిల్లీగ్రాములు కడుపులోకి పోతుంది. తాగునీటిలో ఉండదగ్గ హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5. ఎముకలను పట్టేది ఆ నీళ్లే. మచ్చల పళ్లు పెళుసుగా ఉంటాయి కాబట్టి చెరకు, పోక వాటితో కొరకకండి.

ప్రశ్న: మామగారికి పక్షవాతం, మంచంలోనే. నీళ్లు తాగితే పొలమారుతోంది. నోరు కడగబోతే బ్రష్ కొరికేస్తున్నారు.
ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పొలమారేవాళ్లకు నోటి పాచి ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. అందుకే నోరు తుడవడాన్ని మందు వేయడంతో సమానంగా చూడాలి. రోజుకు రెండుసార్లు. ఒక్కసారే కుదిరితే రాత్రి.

తల వైపు మంచం ఎత్తి కూర్చున్నట్టుగా ఉంచండి. కుదరకపోతే పక్కకు తిప్పి, ముఖం కాస్త కిందికి వాలేలా తువ్వాలు వేయండి. వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో నీళ్లు పోయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ముందు ఫోన్ లైటు వేసి, పడిపోయిన వైపు బుగ్గ సందు చూడండి. పొద్దుటి ముద్ద ఇంకా అక్కడే ఉంటుంది, ఆయనకు తెలియదు. దాన్ని తడి గాజుగుడ్డతో తీయండి. తీసి పెట్టుకునే పళ్లుంటే తీసేయండి. పిల్లల బ్రష్ తడిపి విదిలించి, నురగ తక్కువ వచ్చే పేస్టు బియ్యపుగింజంత రాసి, చిగురూ పన్నూ కలిసే గీత వెంట చిన్నగా తిప్పుతూ తోమండి. పుక్కిలించమనకండి. నురగను ఎప్పటికప్పుడు గాజుగుడ్డతో తుడిచేయండి.

కొరికేవాళ్ల పళ్ల మధ్య వేలు పెట్టకండి. రెండో బ్రష్ పిడికి గాజుగుడ్డ చుట్టి ఒక పక్క దవడ పళ్ల మధ్య ఆనించి, రెండో పక్క తోమండి. ఆయన కొరికితే లాగొద్దు, బుగ్గ నెమ్మదిగా నిమురుతూ ఆగండి, తనే వదులుతారు. కుడి చేయి బాగుంటే బ్రష్ ఆయన చేతికే ఇచ్చి, మీ చేయి పైన వేసి నడిపించండి. పట్టు చాలకపోతే పిడికి సైకిల్ హ్యాండిల్ రబ్బరు గ్రిప్ తొడగండి. కీళ్లవాతం ఉన్నవాళ్లకూ ఇది పనికొస్తుంది. రాత్రి దగ్గు మందు, తీపి సిరప్ ఇచ్చేది ఉంటే తోమకముందే ఇచ్చేయండి.

ప్రశ్న: మా అమ్మ చిన్నప్పటి నుంచి అడ్డపొగ తాగుతుంది. అంగిలి తెల్లగా, మధ్యలో ఎర్రని చుక్కలతో ఉంది. నొప్పి లేదంటోంది.
ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: నొప్పి లేదని ఆగకండి. చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుంటే వేడీ పొగా నేరుగా అంగిలికే తగులుతాయి. మామూలు పొగతాగేవాళ్లలో అరుదైన అంగిలి క్యాన్సర్ ఉత్తరాంధ్రలో కనిపించడానికి కారణం ఇదే. తెల్ల మచ్చ కంటే దాని పక్కన కొత్తగా ఎర్రబడ్డ చోటు, పుండు పడ్డ చోటు ఎక్కువ అనుమానించదగ్గవి. అక్కడ చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తేనే తేలుతుంది. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్నది అపోహ. మీకు దగ్గర్లో విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఎవరికైనా సరే, నోట్లో పుండు రెండు వారాల్లో మానకపోతే చూపించాలి. వక్క నమిలేవాళ్లు మరో పరీక్ష చేసుకోవచ్చు: మూడు వేళ్లు నిలువుగా పేర్చి నోట్లో పట్టించడం. పట్టకపోతే బుగ్గలు బిగుసుకుంటున్నట్టే. పొగాకు మానడానికి సాయం కావాలంటే జాతీయ ఉచిత నంబరు 1800-112-356.

ప్రశ్న: ఎముకలు గుల్లబారాయని వారానికొక అలెండ్రోనేట్ మాత్ర రాశారు. రెండు పళ్లు కదులుతున్నాయి. ఏది ముందు?
ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఇంకా మొదలుపెట్టలేదు కాబట్టి పళ్లే ముందు. ఈ మందు వాడేవాళ్లలో కొద్దిమందికి పన్ను పీకిన చోట దవడ ఎముక మానకుండా బయటపడి ఉండిపోతుంది. తీయాల్సినవి తీయించి, గుంట మీద చిగురు మూసుకున్నాక మాత్ర మొదలుపెట్టవచ్చా అని రాసిచ్చిన డాక్టరును అడగండి. ఇప్పటికే ఏళ్లుగా వాడుతున్నవాళ్లు పన్ను కోసమని సొంతంగా మానకూడదు. ఇదే జబ్బుకు ఆరు నెలలకోసారి డెనోసుమాబ్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్లు ఆ ఇంజెక్షన్‌ను అసలు ఆలస్యం చేయకూడదు, దాన్ని హఠాత్తుగా ఆపితే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. ఎముకలకే సంవత్సరానికోసారి సెలైన్‌లో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ చాలామందికి మందుగానే గుర్తుండదు. దంత వైద్యుడు "ఏ మందులు వాడుతున్నారు" అని అడిగితే దాని పేరు కూడా చెప్పండి.