హైదరాబాద్ చూడటానికి వస్తున్న మా మేనల్లుడికి

చిరంజీవి రవికి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన లిస్టు చూశాను. శనివారం ఒక్కరోజులోనే చార్మినార్, గోల్కొండ, జూ, రామోజీ ఫిల్మ్ సిటీ రాసుకున్నావు. ఒరేయ్ నాన్నా, అలా తిరిగితే పిల్లలకు గుర్తుండేది కారు కిటికీ ఒక్కటే. గోల్కొండ ఊరికి పడమటి కొస. ఫిల్మ్ సిటీ ఎక్కడో హయత్‌నగర్ దాటాక విజయవాడ రోడ్డు మీద. మధ్యలో ఉన్నదంతా ట్రాఫిక్. ఫోన్‌లో మ్యాప్ గంట అని చూపిస్తే సాయంత్రం పూట రెండు గంటలనుకో.

ఈ ఊరికి ఒకటే పద్ధతి. రోజుకో దిక్కు పెట్టుకో. ఆ రోజు ఆ దిక్కు దాటి పోవద్దు. ఫిల్మ్ సిటీకి ఒక పూర్తి రోజు కావాలి, ఈసారికి దాన్ని కొట్టెయ్. జూ కూడా కొట్టెయ్, పెద్ద ఆవరణ, మా వదిన, అదే మీ అమ్మ, మోకాళ్లు అంత నడక తట్టుకోవు. మీరు గురువారం దిగి ఆదివారం రాత్రి బండెక్కుతున్నారు కాబట్టి శుక్రవారం గోల్కొండ, శనివారం పాతబస్తీ, ఆదివారం మా ఇంటి చుట్టుపక్కల. ఈ వరస మార్చకు. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ మూసేస్తారు, పైగా జుమ్మా నమాజుకు మక్కా మసీదు దగ్గర జనం నిండిపోతారు. తెలియక శుక్రవారం పాతబస్తీకి వెళ్లి గేటు దగ్గర్నుంచే తిరిగొచ్చేవాళ్లు ఎంతమందో.

గోల్కొండకు మెట్రో లేదు. ఇంట్లో టిఫిన్ తినేసి ఎనిమిదిలోపే క్యాబ్ ఎక్కండి. ఆలస్యమైతే మెహదీపట్నం దగ్గర ఇరుక్కుంటారు. జనవరి అని ఎండ ఉండదనుకోకు, పదకొండు దాటితే ఆ రాళ్లు వేడెక్కుతాయి. నీళ్లు మీరే పట్టుకెళ్లండి.

వదినని కొండ ఎక్కించొద్దు. పైదాకా మూడొందల అరవై మెట్లంటారు, పైగా ఒక్కో మెట్టు ఒక్కో ఎత్తు. అలాగని తను ఊరికే కూర్చోనక్కర్లేదు. లోపలికి వెళ్లగానే బాలాహిస్సార్ ద్వారం దగ్గర కమాను కింద ఒకచోట నిలబడి అందరూ చప్పట్లు కొడుతుంటారు. అక్కడ కొట్టిన చప్పుడు కొండ మీద బారాదరి అనే మంటపం దాకా వినపడుతుంది. శత్రువు వస్తే పైవాళ్లకు తెలియడానికి అలా కట్టారు. వదినని, మీ ఆవిడ సుధని అక్కడే ఉండమను. నువ్వు పిల్లల్ని తీసుకుని పైకెళ్లి ఫోన్ చెయ్. వాళ్ల నాన్నమ్మ కింద చప్పట్లు కొడితే పిల్లలు పైన వింటారు. గైడు చెప్పే కథలన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోరు. తర్వాత నువ్వు కిందికొచ్చి సుధని పంపించు, తనూ చూడాలి కదా.

ఎక్కేటప్పుడు గోడల్లోకి చూడమని పిల్లలకు చెప్పు. పగిలిన చోట మట్టి గొట్టాలు కనపడతాయి. కింద నుంచి కొండ పైకి నీళ్లు ఎక్కించిన గొట్టాలవి. దారిలో రామదాసు చెర వస్తుంది. భద్రాచలం గుడి మీరు చూసిందే కదా, ఆ గుడి కట్టించిన కంచర్ల గోపన్నను తానీషా పెట్టిన గది ఇది. గోడ మీద దేవుడి బొమ్మలు చెక్కి ఉంటాయి, పైన చిన్న కంత తప్ప వెలుతురు లేదు. అక్కడ కాసేపు ఆగండి. పక్కనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధులు ఇంకో తడవకు ఉంచి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయండి.

సాయంత్రం ఓపిక ఉంటే నుమాయిష్‌కు వెళ్దాం, నేనూ వస్తాను. 1938 నుంచి జరుగుతున్న ఎగ్జిబిషన్ అది, మామూలుగా జనవరి ఒకటిన మొదలవుతుంది. గాంధీభవన్ మెట్రో స్టేషన్ దిగితే పక్కనే.

ఇక శనివారం. ఈ ఊరు చూడటమంటే నా లెక్కలో ఇదే. దీనికి మాత్రం పొద్దున్నే లేవాలి. మా చిక్కడపల్లిలో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ ఎంజీబీఎస్. చార్మినార్ దాకా మెట్రో ఇంకా పడలేదు, కాబట్టి అక్కడ దిగి ఆటో మాట్లాడుకోండి. అఫ్జల్‌గంజ్ మీదుగా వెళ్తుంది. అక్కడ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టుంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలెక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. మనం గోదావరి వరదలు ఎరిగినవాళ్లం, నయాపుల్ మీదుగా వెళ్లేటప్పుడు కింద మూసీని చూసి ఆ మాట పిల్లలకు చెప్పు.

ఏడున్నరకల్లా చార్మినార్ దగ్గర ఉండాలి. ఆ వేళకు బళ్లుండవు, తోపుడు బళ్లు రావు, దుకాణాల షట్టర్లు వేసే ఉంటాయి. 1591లో కట్టిన ఆ కట్టడాన్ని నాలుగు వైపుల నుంచీ తలెత్తి చూడటానికి జాగా దొరికేది అప్పుడే. పదకొండు దాటితే భుజానికి భుజం తగులుతుంది. పక్కనే నిమ్రాలో ఇరానీ చాయ్ తాగండి, ఉస్మానియా బిస్కెట్ ముంచుకు తినండి. పిల్లలకు ఖారా బిస్కెట్ వద్దులే, ఉస్మానియానే ఇప్పించు. అక్కణ్నుంచి మక్కా మసీదు. నమాజు వేళ కాకుండా చూసుకుని వెళ్లండి, సుధని చున్నీ తెచ్చుకోమను. ముందర పావురాల దగ్గరే పిల్లలు అరగంట ఉంటారు. ఉండనీ, తొందరపెట్టకు.

చార్మినార్ మెట్లు ఇరుకు, తిరుగుడు, చీకటి. నువ్వూ పెద్దాడూ ఎక్కితే చాలు. తర్వాత గుల్జార్ హౌజ్, పత్తర్‌గట్టి మీదుగా సాలార్‌జంగ్ దాకా నడవొచ్చు. ఆ రాతి కమానులు నడిచేవాళ్లకే కనపడతాయి. వదినకు కష్టమైతే ఆటో. మదీనా చౌరస్తా దగ్గర రోడ్డు దాటేటప్పుడు మాత్రం పిల్లల చెయ్యి వదలొద్దు. అక్కడివాళ్లు నలుగురు దాటుతుంటే వాళ్ల పక్కనే దాటండి. మధ్యలో ఆగడం, వెనక్కి పరిగెత్తడం చెయ్యొద్దు.

సాలార్‌జంగ్‌లో అన్నీ చూడాలని పంతం పట్టకు. మూడు చాలు. పన్నెండుకు పావుగంట ముందే గడియారం దగ్గర కుర్చీల్లో చోటు పట్టుకోండి. అందులో ఒక చిన్న కమ్మరి సెకనుకో దెబ్బ వేస్తూనే ఉంటాడు. గంట కొట్టే వేళకు గడ్డపాయన లోపల్నుంచి బయటికొచ్చి ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికెళ్లిపోతాడు. పన్నెండుకే వెళ్లమనేది అందుకే, పన్నెండు దెబ్బలూ వినొచ్చు. ఒంటిగంటకు వెళ్తే ఒక్క దెబ్బతో అయిపోతుంది. రెండోది ముసుగు రెబెక్కా, బెంజోని అనే ఇటలీ శిల్పి 1876లో చెక్కింది. ముసుగు కూడా పాలరాయే, దాని వెనక ముఖం కనపడుతూ ఉంటుంది. దాని ముందు వదినని కూర్చోబెట్టు, ఆవిడకు శిల్పాలంటే ఎంత ఇష్టమో నీకు తెలుసుగా. మూడోది ఒకే చెక్కలో ఇద్దరు మనుషులున్న బొమ్మ. ముందు మగవాడు, వెనక అద్దంలో చూస్తే ఆడమనిషి. ఈ మూడూ చూశాక కాళ్లలో బలముంటే మిగతావి.

భోజనం మదీనా దగ్గర చెయ్యండి. బిర్యానీ ఒకటి ఇద్దరికి సరిపోతుంది, మనిషికొకటి చెప్పేయకు. చివర్లో ఖుబానీ కా మీఠా తెప్పించండి, ఎండు ఆప్రికాట్లతో చేసే మిఠాయి అది. చౌమహల్లా మధ్యాహ్నానికి పెట్టుకోండి, పిల్లలకు పాత కార్లు, పెద్దవాళ్లకు దర్బారు హాల్లో షాండిలియర్లు. అలసిపోతే వదిలేసినా బాధలేదు.

చార్మినార్ పక్కనుండే గాజుల బజారు, లాడ్ బజార్‌కు మాత్రం దీపాలు పెట్టాక వెళ్లండి. గాజులు కొనేముందు, పక్క సందుల్లో పని జరుగుతుంటే అడిగి చూడండి. బొగ్గుల వేడి మీద లక్కని మెత్తబరిచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, చల్లారేలోపు ఒక్కో రాయి ఒత్తుతారు. చూశాక ధర గురించి మరీ గీచి బేరమాడబుద్ధి కాదు. అలాగని చెప్పిన ధర ఇవ్వక్కర్లేదు, మూడు నాలుగు కొట్లు అడిగితే అసలు రేటు తెలిసిపోతుంది. కొనే ఉద్దేశం లేకపోతే మన నోటితో ధర చెప్పకూడదు, చెప్పాక వెనక్కి తగ్గితే వాళ్లకు కోపం రావడం న్యాయమే. ఊళ్లో ఎవరికైనా తేవాలంటే వాళ్ల గాజొకటి కొలతకు తెచ్చుకోండి. లక్క గాజుల్ని ఎండలో పెట్టొద్దని, వేణ్నీళ్లు తగలనివ్వద్దని వాళ్లకు చెప్పండి. ముత్యాలు ఫుట్‌పాత్ మీద కొనొద్దు, బిల్లిచ్చే కొట్టుకే వెళ్లండి. ఆటోవాడు "మంచి కొట్టు చూపిస్తా" అంటే వద్దనండి, ఆ కమీషన్ మీ బిల్లులోనే పడుతుంది.

ఆదివారం పొద్దున అబిడ్స్‌లో ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. సుధకు చదవడం ఇష్టం కాబట్టి తనని తీసుకెళ్లు, పేజీలు పూర్తిగా ఉన్నాయో లేదో చూసి కొనండి. సాయంత్రం బిర్లా మందిర్. అక్కడ ఫోన్లు లోపలికి రానివ్వరు, దారిలో అవసరానికి ఒక్కటి తప్ప మిగతావి ఇంట్లోనే పెట్టండి. కొండ మీంచి హుస్సేన్‌సాగర్, మధ్యలో బుద్ధుడు కనపడతాయి. 1990లో ఆ విగ్రహాన్ని తీసుకెళ్తుంటే పడవ మునిగి కొందరు చనిపోయారు, 1992లో నీళ్లలోంచి పైకి తీసి నిలబెట్టారు. అది తెలిసి చూస్తే వేరుగా ఉంటుంది.

ఇంకో మాట. ఇక్కడ సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదని విని సుధ, వదిన ఆధార్ చూపిస్తారేమో. తెలంగాణ చిరునామా ఉంటేనే అది చెల్లుతుంది, మీరు టికెట్ తీసుకోవాల్సిందే. పిల్లల జేబుల్లో నా నంబరు, నీ నంబరు రాసిన కాగితం పెట్టు.

రైలు టికెట్ మీద స్టేషన్ పేరు ఇవాళే చూసి ఫోన్ చెయ్. ఇప్పుడు కొన్ని బళ్లు చర్లపల్లిలో ఆగిపోతున్నాయి. సికింద్రాబాద్ అయితే సికింద్రాబాద్ వెస్ట్ మెట్రో ఎక్కి నేరుగా చిక్కడపల్లిలో దిగండి. చర్లపల్లి అయితే సామానుతో మీరేం ఇబ్బంది పడొద్దు, మీ మావయ్య కారు మాట్లాడి పెడతారు. వదిన బీపీ మాత్రలు చేతిసంచిలోనే ఉంచమను.

ఇట్లు
మీ అత్తయ్య