వైద్యానికి నిధులు తగ్గితే పేదలకు తెలుస్తుందా? మా అమ్మ డయాలసిస్ అనుభవం

ప్రభుత్వం వైద్యానికి డబ్బు తగ్గిస్తే పేదవాళ్లకు నిజంగా తేడా పడుతుందా, అందరికీ ఆరోగ్యశ్రీ ఉందిగా అని ఒకరు అడిగారు. పడుతుంది. మా ఇంట్లో పడింది.

మాది పాలమూరు. 2007లో ఆరోగ్యశ్రీ మొదట పెట్టిన మూడు జిల్లాల్లో మాదొకటి. ఆ పథకం విలువ మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అమ్మకు కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలైనప్పుడు మెడ దగ్గర తాత్కాలికంగా పైపు వేశారు. అది ఎక్కువ రోజులు ఉంటే ఇన్‌ఫెక్షన్ వస్తుంది, త్వరగా చేతికి ఫిస్టులా ఆపరేషన్ (డయాలసిస్ సూదుల కోసం చేతిలో రెండు రక్తనాళాలను కలపడం) చేయించమన్నారు. చేయించినా ఆ నరం సూదికి పనికొచ్చేసరికి నెలా నెలన్నర పడుతుంది.

నెట్‌వర్క్ ఆసుపత్రికి, అంటే ఆరోగ్యశ్రీ కింద వైద్యం చేసే ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే, అక్కడ పథకం తరఫున రోగులకు సాయం చేసే ఆరోగ్యమిత్ర నన్ను పక్కకు పిలిచి, "అన్నా, పాత బిల్లులు రాలేదంట. ఎమర్జెన్సీ తప్ప కొత్త కేసులు తీసుకోవద్దన్నారు" అన్నాడు. డబ్బు కడితే మాత్రం మర్నాడే చేస్తారట. నేను బట్టల షాపులో పనిచేస్తాను, అంత డబ్బు ఎక్కడిది? మూడు వారాలు తిరిగాం. ఒకరోజు డయాలసిస్ మధ్యలోనే అమ్మ చలిజ్వరంతో వణికిపోయింది. పైపు దగ్గర ఇన్‌ఫెక్షన్. అది తీసి రెండోవైపు ఇంకోటి వేశారు. పది రోజులు ఇంజెక్షన్లు, అందులో కొన్ని బయట కొనుక్కురమ్మని చీటీ. ఆ చీటీలకు అక్క కమ్మలు కుదువపెట్టాం.

మా కార్డు పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలు చేశారు. సంతోషమే. కానీ ఆసుపత్రికి బిల్లు అందకపోతే ఆ 10 లక్షలు మాకెందుకు? బడ్జెట్‌లో రాసిన డబ్బు సమయానికి విడుదల కాకపోయినా రోగికి అది కోతే. 2025 సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపింది ఈ బకాయిల కోసమే. ఆసుపత్రులను పూర్తిగా తప్పుపట్టలేను. చిన్నవాటిలో నర్సుల జీతాలు కూడా ఆ బిల్లుల మీదే నడుస్తాయి.

చివరికి హైదరాబాద్‌లో సర్కారు ఆసుపత్రిలో ఫిస్టులా చేశారు, పైసా తీసుకోలేదు. అయితే డయాలసిస్ లేని రోజు చూసుకుని, తెల్లవారుజామున బస్సెక్కి, నీరసంగా ఉన్న మనిషిని ఓపీ లైన్లో నిలబెట్టాలి.

మీ ఇంట్లో ఎవరి కేసైనా ఇలా తీసుకోకపోతే ఊరికే తిరిగి రావద్దు. 104కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రిలోనూ చూపించండి. మేం ఒక్క ఆసుపత్రినే నమ్ముకుని మూడు వారాలు పోగొట్టుకున్నాం.