నీ కాటా ఎలా ఉందిరా చిన్నా?

ఒరేయ్ చిన్నా, పెదనాన్న వందనాలు.

నీ మెసేజ్ చదివాను. రొయ్యల కొనుగోలులో చేరాక చెరువు గట్ల మీద సువార్త చెబుదామంటే గొంతు పెగలడం లేదు, ధైర్యం కోసం మూడు రోజులు ఉపవాసం ఉండనా అని అడిగావు. ఉండు, మంచిదే. కానీ ముందు నీ కాటా ఎలా ఉందో చెప్పు.

ఎందుకడుగుతున్నానంటే, ఆదివారం మైకు పట్టుకుంటే ఊరి చివరిదాకా వినిపించిన గొంతు నాది, సోమవారం గట్టు మీద రైతు ముఖం చూసి యేసయ్య పేరు ఎత్తలేకపోయిన గొంతూ నాదే. చెరువులో రొయ్యలు పట్టే రోజు కిలో తూచి కౌంట్, అంటే కిలోకి ఎన్ని రొయ్యలో, లెక్కపెడతాం కదా, చెయ్యి అలవాటుగా చిన్న రొయ్యల వైపే పోయేది. 40 రావలసింది 44 వచ్చేది. నాలుగు కౌంట్లు పెరిగితే రేటు ఎంత పడిపోతుందో నీకు చెప్పక్కర్లేదు. పైగా నీళ్లు కారలేదంటూ తరుగు ఒకటి.

వీరవాసరం దగ్గర ఒక రైతు, నా లెక్క అయ్యేదాకా ఏమీ అనలేదు. అయ్యాక వంగి, అదే ట్రేలో రెండు చేతులూ పెట్టి కలియతిప్పి, మళ్లీ కిలో తూచి, ఒక్కొక్కటే నా ముందు పేర్చాడు. 39. తల ఎత్తి, "ఆదివారం మైకులో చెప్పేది తమరేనాండి?" అన్నాడు. అంతే, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రంతా బైబిల్లోని సుంకరి జక్కయ్యే గుర్తొచ్చాడు. ఆయన అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు, నాకంత స్తోమత లేదు, ఎవరికి ఎంత కోశానో పూర్తి లెక్కా లేదు. గుర్తున్న పదకొండు మందికి, మీ పెద్దమ్మ గాజులు అమ్మి మరీ, పోయింది పోయినట్టు ఇచ్చాను. ఒకాయనైతే నాకు మతి చలించిందనుకుని మీ పెద్దమ్మకి ఫోన్ చేశాడు! మిగతావాళ్లు మాత్రం ఒకటే అడిగారు, ఇప్పుడెందుకండీ ఇస్తున్నారు అని. అప్పుడు చెప్పాన్రా మొదటిసారి, మైకు లేకుండా. మనలో ఉన్న నిరీక్షణ గురించి అడిగిన ప్రతివాడికీ సాత్వికంతో, భయంతో జవాబు చెప్పమని పేతురు రాశాడు కదా, మన బతుకు చూసి ఎవరైనా ఎందుకు అడగాలి అన్నది నాకు అప్పటిదాకా తట్టలేదు.

చెప్పేటప్పుడు నీకు జరిగింది చెప్పు. యోహాను తొమ్మిదో అధ్యాయంలో పరిసయ్యులు, అంటే అప్పటి మతపెద్దలు, నిలదీస్తే ఆ గుడ్డివాడు ముందు ఏమన్నాడు? గుడ్డివాణ్ణి, ఇప్పుడు చూస్తున్నాను, నాకు తెలిసింది అదొక్కటే అన్నాడు. ప్రార్థన చేయిస్తే రొయ్యలకి వైట్ స్పాట్ తెగులు రాదని మాత్రం ఎవరికీ మాటివ్వకు, మనవాళ్లలో కొందరికి అలా మాటిచ్చే జబ్బు ఉంది. ఎదుటివాళ్ల దేవుళ్లని ఒక్క మాట అనకు. ఎఫెసులో అంత అల్లరి జరిగినా, వీళ్లు మన దేవతను దూషించలేదని అక్కడి కరణమే పౌలు మనుషుల తరఫున చెప్పాడు. రాజ్యాంగం 25వ అధికరణ మన విశ్వాసాన్ని ప్రచారం చేసుకోనిస్తుంది, కానీ ఇంకొకరిని మతం మార్చే హక్కు అందులో లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. మార్చడం ఎలాగూ మన చేతిలో పని కాదు.

భయం సంగతి. బెదిరింపులు వచ్చినప్పుడు అపొస్తలులు అవి ఆగిపోవాలని కాదు, ధైర్యంగా మాట్లాడే శక్తి ఇమ్మని అడిగారు. సంకెళ్లలో ఉన్న పౌలు కూడా దానికే ప్రార్థన చేయమన్నాడు, అంటే ఆయనకీ గుండె దడ ఉండే ఉంటుంది. సువార్త చెప్పడానికి 1836లో మన దేశానికొచ్చి నరసాపురం ప్రాంతంలో స్థిరపడిన బౌడెన్, బీర్ దొరల్లో ఒకాయన రాతి పనివాడు, ఇంకొకాయన చెప్పులు కుట్టేవాడు. వాళ్లు ముందు మన భాష నేర్చుకోవాల్సి వచ్చింది. నీకా బాధ లేదు, అలాగని రైతు కష్టం వినకుండా మొదలెట్టేయకు.

ఆ 39 లెక్కపెట్టిన రైతు ఇప్పటికీ చర్చి మెట్టెక్కలేదు. సంక్రాంతికి అరిసెలు పంపిస్తాడు, క్రిస్మస్‌కి నేను కేకు పట్టుకెళ్తాను. వాళ్లావిడకి ఆపరేషన్ అన్నరోజు మాత్రం పొద్దున్నే ఫోన్ చేసి, "ఓ మాట మీ యేసయ్యతో చెప్పండి" అన్నాడు.

శనివారం ఖాళీ అయితే రా. వచ్చేటప్పుడు ఆ కాటా బండిలో వేసుకురా, నా దగ్గర సీలు వేసిన అయిదు కిలోల రాయి ఉంది, పెట్టి చూద్దాం.

మీ పెదనాన్న