ఆ సన్నాయి దగ్గర ఆగు

తమ్ముడూ,

ఎంబ్రియో అనే జర్మన్ బ్యాండు ఆల్బం మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి టీ తాగుతూ, రెండోసారి ఆ ఆల్బం పెట్టుకుని. రెండోసారే చిక్కొచ్చింది, నువ్వు రాసిందీ నాకు వినిపిస్తున్నదీ ఒకటిగా లేవు. "తూర్పు పడమరల అద్భుత సంగమం", "సరిహద్దులు చెరిపేసిన నాదం" లాంటి మాటలు పెళ్లికి అద్దెకు తెచ్చిన కుర్చీల్లాంటివి, రేపు ఇంకో ఇంటి పందిట్లో ఉంటాయి.

ఏమీ అనుకోకు. ఇరవై రెండేళ్లప్పుడు నేనూ ఒక జాజ్ రికార్డు మీద రాసి ఓ పత్రికకు పంపితే, "అట్ట వెనక ఉన్నది మేమూ చదవగలం" అని ఒక్క వాక్యం రాసి తిప్పి పంపారు. నిజమే, సగం అక్కడి నుంచి ఎత్తిందే. వారం రోజులు ఎవరికీ మొహం చూపించలేకపోయాను.

నువ్వు ఎంచుకున్న ఆల్బం మాత్రం బంగారం. ఎంబ్రియో వాళ్ల 'వుయ్ కీప్ ఆన్', 1973. కానీ మొదటి పేరా అంతా క్రౌట్‌రాక్ అంటే ఏమిటో చెప్పడానికే ఖర్చుపెట్టేశావు. అది ఆనాటి జర్మన్ రాక్ సంగీతానికి బ్రిటిష్ పత్రికల వాళ్లు కాస్త వెటకారంగా వాడిన పేరు, దాంతో పాట వినిపించదు. కొట్టెయ్. ఇంకో తప్పు కూడా ఉంది, ఇది చిన్నది కాదు. బస్సులో ఇండియా దాకా వచ్చి వెళ్లాక ఈ రికార్డు చేశారని రాశావు. ఆ యాత్ర 1978-79లో జరిగింది. బెంగళూరులో కర్నాటక కాలేజ్ ఆఫ్ పెర్కషన్ అనే తాళవాద్య బృందంతో కలిసి వాయించిందీ అప్పుడే. ఈ ఆల్బం అంతకు ఐదేళ్ల ముందుది. కారణాన్ని వెనక్కీ ముందుకీ తిప్పేస్తే వ్యాసం మొత్తం వంకరపోతుంది.

ఎవరి చేతిలో ఏముందో చూడు ముందు. 1969లో మ్యూనిక్‌లో ఈ బ్యాండు మొదలైన నాటి నుంచీ దాన్ని నడిపింది క్రిస్టియన్ బుర్ఖార్డ్. ఆయన డ్రమ్స్ వాయించేవాడు, వైబ్రాఫోన్ (లోహపు పలకల మీద కొట్టేది) వాయించేవాడు, హాక్‌బ్రెట్ వాయించేవాడు (మన సంతూర్‌లాగా తీగల మీద పుల్లలతో కొట్టేది). గమనించావా, అన్నీ కొట్టి వాయించేవే! బ్యాండు నడిపేవాడు అలాంటివాడైతే స్వరం కూడా లయ లోంచే పుడుతుంది. ఆ మాట నీ వ్యాసంలో ఎక్కడా లేదు. గిటారిస్టు రోమన్ బుంకా సాజ్ (టర్కీ వాళ్ల తీగల వాద్యం) పట్టుకుంటే దానికి "ప్రాచ్య మార్మికత" అన్నావు. 1961 ఒప్పందం తర్వాత టర్కీ నుంచి కార్మికులు లక్షల్లో పశ్చిమ జర్మనీకి వచ్చారయ్యా. అక్కడి కుర్రాడికి సాజ్ అంటే పక్క వీధి వాద్యం అనుకున్నా తప్పులేదు, మార్మికత దాకా పోనక్కర్లేదు.

ఇక చార్లీ మరియానో. నువ్వు ఒక్క వాక్యంలో దాటేసింది ఈయన్నే, నాకు కోపం వచ్చింది కూడా ఇక్కడే. బోస్టన్‌లో పుట్టిన శాక్సఫోన్ విద్వాంసుడు, 1963లో పేరున్న జాజ్ బాసిస్టు చార్లెస్ మింగస్ పక్కన వాయించినవాడు, ఈ రికార్డులో శాక్సఫోన్, ఫ్లూట్‌తో పాటు నాదస్వరం వాయించాడు. నాదస్వరం తమ్ముడూ! మన సన్నాయి! 1960ల చివర్లో మలేషియాలో ఉన్నప్పుడు దాని మీద మనసు పడ్డాడట, అక్కడి గుళ్లలో మన దక్షిణాది వాళ్లు దాన్ని నిలబెట్టుకున్నారు కదా.

ఇక్కడ "మన వాద్యం జర్మనీలో మోగింది" అని కాలర్ ఎగరేయకు. నీకున్న అసలు వసతి వేరే. పెళ్లిళ్లలో, గుడి ఉత్సవాల్లో చిన్నప్పటి నుంచీ విన్న ఆ మోత జర్మన్ విమర్శకుడికి కొత్త, నీకు కాదు. శాక్సఫోన్‌కి మీటలుంటాయి, సన్నాయికి ఉత్త రంధ్రాలే, నోట పెట్టుకునే పీక మీద పెదవి ఒత్తిడితో, ఊపిరితో, వేలిని కొంచెం జరిపి గమకం తీయాలి. మరియానో ఎక్కడ ఆ పని చేస్తున్నాడో, ఎక్కడ శాక్సఫోన్ అలవాటు బయటపడుతోందో నీ చెవి పట్టుకుంటుంది. ఇంకొకటి, అసలుది: సన్నాయి పక్కన డోలు లేదు. మనకి ఆ రెండూ విడివిడిగా ఊహకే రావు. డోలు ఉండాల్సిన చోట ఆ డ్రమ్ సెట్ ఏం చేస్తోంది? నాకైతే మొదటిసారి విన్నప్పుడు పందిరి లేని పెళ్లిలా అనిపించింది, ఐదోసారికి గానీ ఆ ఖాళీ నచ్చలేదు. అది రాయి. నచ్చకపోతే నచ్చలేదనే రాయి, ఎవరూ కొట్టరు.

ముందు ఓ గంట నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా గారిని విను. కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డ మనిషి. ఆయన పుట్టింది 1924, మరియానో 1923, ఒక్క ఏడాది తేడా. ఎవరు గొప్ప అని తూచడానికి కాదు, చెవిని సిద్ధం చేసుకోవడానికి. ఆ వెంటనే ఎంబ్రియో పెట్టు. ఫోన్ స్పీకర్లో వద్దు, హెడ్‌ఫోన్స్ లేకపోతే ఎవరినైనా అడిగి తెచ్చుకో.

కాగితం మీద విశేషణాలేవీ వద్దు, ఏ నిమిషం ఏ సెకనులో సన్నాయి వచ్చింది, అప్పుడు డ్రమ్స్ ఏం చేస్తున్నాయి, గిటార్ ఉందా ఆగిందా, అంతే రాసి పంపు. నేను రాసుకున్న కాగితం నా దగ్గర ఉంది. రెండూ పక్కన పెట్టుకుని చూద్దాం.

ఉంటాను,
అన్నయ్య